పెద్ద ఏబీసీడీల రూలు

ప్రేమకుమారికి కోపం వస్తే నోటికి పని చెప్పదు, ఎర్ర పెన్సిలుకు చెబుతుంది. బొమ్మసంద్రలోని బోరుపంపుల ఫ్యాక్టరీలో, పర్సనెల్ సెక్షనులో, ఇరవై ఏళ్ళుగా ఆ పెన్సిలు ఆమె చెవి వెనకే ఉంది. సెలవు చీటీ కానీ, పైఆఫీసరు రాసిన ఉత్తరం కానీ, ఆమె బల్ల మీదుగా పోయిందంటే ఎక్కడో ఒకచోట ఎర్ర గీత పడాల్సిందే. టైపిస్టుగా చేరి సీనియర్ అసిస్టెంటు దాకా వచ్చిన మనిషి. కామా ఒకటి తప్పితే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టేది. వెనకాల అందరూ ఆమెను కరెక్షనమ్మ అనుకునేవాళ్ళు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, లోలోపల కొంచెం ఇష్టం కూడా.

1998లో గిరిధర్ అని కొత్త మేనేజరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, హైదరాబాదులో చదువు, ముప్పై నాలుగేళ్ళ వయసు. చెడ్డవాడేం కాదు, తొందర ఎక్కువ. వచ్చిన మొదటి వారం ఫ్యాక్టరీ అంతా కలయదిరిగి, నేరుగా ప్రేమకుమారి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటండీ ప్రేమకుమారి గారూ, ఈ ఫ్యాక్టరీలో అందరూ అరుస్తూనే ఉంటారా?"

"ఎవరు సార్ అరిచింది?" అంది ఆమె కంగారుగా.

"మీ నోటీసులేనండీ! క్యాంటీన్‌లో చేతులు కడుక్కోమన్నా క్యాపిటల్సే, బస్ టైమ్ మారిందన్నా క్యాపిటల్సే. పాపం ఎవరో పోయారని సంతాపం పెట్టారు, అది కూడా మొత్తం క్యాపిటల్సే! ఇంగ్లీషులో అలా రాస్తే మొహం మీద కేకేసినట్టండీ. రేపు ఫారిన్ పార్టీ వాళ్ళొచ్చి చూస్తే మన పరువేం కాను?"

ఆయన అన్నది అబద్ధమేం కాదు. టైపు మిషను కాలం నుంచి అక్కడ నోటీసంటే పెద్ద ఏబీసీడీలే. షిఫ్టు మీట బిగించి మొదలుపెడితే చివరి చుక్క దాకా అన్నీ పెద్దక్షరాలే పడేవి. ఎందుకని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ముందువాళ్ళు అలా కొట్టారు, వెనకవాళ్ళూ అలాగే కొట్టారు. కంప్యూటరు వచ్చాక కూడా ఆ అలవాటు వదల్లేదు.

"ఒక రూల్స్ షీట్ తయారు చేయండి. ఏది పెద్దక్షరం, ఏది చిన్నక్షరం, క్లియర్‌గా ఉండాలి. మీకంటే బాగా ఎవరు రాస్తారండీ?" అన్నాడు గిరిధర్.

ఆ చివరి మాట ప్రేమకుమారికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆఫీసు ఉత్తరాల్లో ఒక ఆచారం ఉంది. కింద ఎడమ మూల ఆఫీసరు పేరు పొడి అక్షరాలు పెద్దవిగా వేసి, ఒక గీత గీసి, పక్కన టైపు చేసినవాళ్ళ పొడి అక్షరాలు చిన్నవిగా వేస్తారు. ఇరవై ఏళ్ళలో ఎన్ని వేల కాగితాలు కొట్టిందో, అన్నింటి మూలలోనూ ఆమె రెండు చిన్నక్షరాలుగానే ఉండిపోయింది. ఒక నెల కూర్చుని, పుస్తకాలు తిరగేసి, పదకొండు రూల్స్ రాసింది. పేర్లకూ ఊర్లకూ మొదటి అక్షరం పెద్దది. హోదా మనిషి పేరుతో కలిసి వస్తే పెద్దది, విడిగా వస్తే చిన్నది. వారాలకు, నెలలకు పెద్దది. నాలుగో రూలు అన్నిటికంటే గట్టిది. నోటీసు కానీ, సర్క్యులర్ కానీ, పని ఆర్డరు కానీ, ఏ కాగితంలోనూ వాక్యం మొత్తం పెద్దక్షరాల్లో ఉండరాదు. చివర్న, గిరిధర్ చెప్పగా, 'తయారు చేసినది: ఆర్. ప్రేమకుమారి' అని నిండు పేరు పడింది. వచ్చే ఏప్రిల్లో సెక్షను ఆఫీసరు కుర్చీ ఖాళీ అవుతుందనీ, దానికి ఆమె పేరే పైకి పంపుతాననీ కూడా ఆయన మాట ఇచ్చాడు.

ఆ సాయంత్రం బళేపేటలో ఇంటికి వెళ్ళి, ప్రేమకుమారి ఆ కాగితం తల్లి పార్వతమ్మకు చూపించింది. పార్వతమ్మకు తెలుగు అక్షరాలు వచ్చు, ఇంగ్లీషు రాదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్షరాల్లో కూడా పెద్దోళ్ళు, చిన్నోళ్ళు ఉండారా?"

"ఉండారమ్మా. ఎవరు ఏడ నిలబడల్లనో దానికే ఈ రూల్స్."

"మన తెలుగే మేలు కదా పాపా. అ అంటే ఎవరికైనా ఒకటే అ," అని పార్వతమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ప్రేమకుమారి నవ్వి, కాగితం జాగ్రత్తగా మడిచి బీరువాలో పెట్టుకుంది.

ఇక చిక్కమునియప్ప సంగతి చెప్పాలి. సర్జాపుర దాటాక ఒక పల్లె ఆయనది, తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. యాభై నాలుగేళ్ళు. ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్ళుగా ఒకటే పని, పంపులకు నేమ్‌ప్లేట్లు కొట్టడం. కొనకు అక్షరం చెక్కిన ఉక్కు పంచీ ఒకటి రేకు మీద నిలబెట్టి, సుత్తితో ఒక దెబ్బ వేస్తే ఒక అక్షరం పడుతుంది. అలా ఒక్కొక్క అక్షరమే కొట్టుకుంటూ పోవాలి. ఆయన కొట్టిన ప్లేటు మీద అక్షరాలు బడిపిల్లలు బారు కట్టినట్టు తిన్నగా ఉండేవి.

ఆయనకు ఇంకో పని కూడా ఉంది, దానికి జీతం లేదు. టీ వేళ నోటీసు బోర్డు ముందు నిలబడి, అక్షరం కింద వేలు పెట్టి ఇంగ్లీషు కూడబలుక్కుని, తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి చెప్పేవాడు. వైండింగువాళ్ళు, మోల్డింగువాళ్ళు, లోడింగువాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. ఏ నోటీసు గురించైనా అక్కడ మొదటి ప్రశ్న "మునియప్పన్న చదివినాడా?" అనే. ఆయన చదివితే అది అమల్లోకి వచ్చినట్టే. సూపర్వైజర్లు కూడా ఆయనను పేరు పెట్టి పిలవడానికి ఒక క్షణం ఆలోచించేవాళ్ళు.

జూలై ఒకటి నుంచి నాలుగో రూలు అమలైంది. బోర్డు మీద నోటీసులు కుదురుగా, చూడముచ్చటగా తయారయ్యాయి. ప్రేమకుమారి దారి చుట్టు తిరిగైనా సరే, రోజూ ఆ బోర్డు పక్కనుంచి నడిచేది. టీ వేళ అక్కడ జనం పలచబడ్డారని ఆమె గమనించకపోలేదు. గుంపు చేరడం లేదంటే ఎవరికి వాళ్ళే చదువుకుంటున్నారు కాబోలు, రూల్స్ వల్ల ఎంత సౌకర్యం అనుకుంది. ఎంత తెలివి! ఇరవై ఏళ్ళు ఆ జనం మధ్య తిరిగిన మనిషికి రావాల్సిన ఆలోచనేనా అది?

సెప్టెంబరులో ఫారిన్ పార్టీకి ఆరు వందల పంపులు పోవాలి. వాళ్ళ దేశంలో కరెంటు వేరు. ఇన్నాళ్ళూ ప్లేటు మీద 415 వోల్టులని కొట్టేవాళ్ళు, ఈ సరుకుకు 380 అని కొట్టాలి. అలా మార్చమని ఇరవై ఏడో నంబరు సర్క్యులర్ వెళ్ళింది. సర్క్యులర్ పుస్తకంలో 'చదివి అర్థం చేసుకున్నాను' అన్న చోట చిక్కమునియప్ప సంతకం పెట్టాడు. సంతకం పెట్టి, ఆరు వందల ప్లేట్లకూ నీటుగా, తిన్నగా 415 అనే కొట్టాడు. సరుకు పెట్టెల్లోకి ఎక్కేముందు తనిఖీలో అది బయటపడింది. ఓడ తప్పిపోయింది.

గిరిధర్ మండిపడ్డాడు. "పొరపాటంటే ఒక ప్లేటు, రెండు ప్లేట్లు. ఆరు వందలా? సంతకం పెట్టి మరీ చేశాడంటే కావాలని చేసినట్టే. ఛార్జిషీటు టైప్ చేయండి ప్రేమకుమారి గారూ. జవాబివ్వడానికి ఏడు రోజులు. సరైన కారణం లేకపోతే డిస్మిసలే."

ప్రేమకుమారి టైపు చేసింది. రూల్స్ ప్రకారం, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా చేసింది.

అయిదో రోజు చిక్కమునియప్ప ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక ఫుల్‌స్కేపు కాగితం. దాని నిండా ఇంగ్లీషులో, పెన్నుతో, ప్లేటు మీద కొట్టినట్టు ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాసి ఉంది. సార్, నేను చెడ్డ మనసుతో చేయలేదు, పని నుంచి తీసేయవద్దు అని ఉంది. అన్నీ పెద్ద ఏబీసీడీలే.

పాడు అలవాటు! ఆమె చేయి చెవి వెనక్కి వెళ్ళింది, ఎర్ర పెన్సిలు బయటికి వచ్చింది. మొదటి లైను చుట్టూ సున్నా చుట్టి, పక్కన '4' అని వేసింది.

"నాలుగో రూలు ఉండాది కదప్పా మునియప్పా. ఇట్ల మొత్తం పెద్దక్షరాల్లో ఇస్తే సార్ ముట్టుకునేది కూడా లేదు. ఇదే మాట మామూలుగా రాసుకోని రాపో."

చిక్కమునియప్ప ఆ ఎర్ర సున్నా వంక చూశాడు.

"సరేమ్మా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆరో రోజు రాలేదు. ఏడో రోజూ రాలేదు. గడువు దాటిపోయింది. జవాబు లేదంటే తప్పు ఒప్పుకున్నట్టేననీ, సోమవారం ఎంక్వయిరీ పెట్టి తేల్చేద్దామనీ గిరిధర్ అన్నాడు. ప్రేమకుమారికి చిక్కమునియప్ప మీదే ఒళ్ళు మండింది. పని ఊడేలా ఉంటే ఒక కాగితం తిరగరాసి ఇవ్వడానికి ఇంత నిర్లక్ష్యమా? శనివారం మధ్యాహ్నం సైరన్ మోగి అందరూ బస్సుల వైపు పోతుంటే, నాలుగు మాటలు గట్టిగా అడుగుదామని ఆమె నేమ్‌ప్లేటు బెంచీ దగ్గరికి వెళ్ళింది.

చిక్కమునియప్ప ఒక్కడే ఉన్నాడు, వీపు ఇటువైపు పెట్టి ఏదో రాసుకుంటున్నాడు. ఆమె అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి కాగితం మీద చేయి కప్పాడు. కానీ ఆమె చూసేసింది. ఒకవైపు ఇరవై ఏడో సర్క్యులర్ పరిచి ఉంది. దానిలోని చిన్నక్షరాలను ఆయన పక్క కాగితం మీద చూసి గీస్తున్నాడు. రాయడం కాదు, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు గీయడం. కొన్నింటికి తోక ఇటు ఉండాల్సింది అటు పడింది, కొన్ని తలకిందులుగా ఉన్నాయి.

బెంచీ మీద చెక్కపెట్టె మూత తెరిచి ఉంది. అందులో పంచీలు వరసగా ఉన్నాయి, ఇరవై ఆరు అక్షరాలు, పది అంకెలు. అన్నీ పెద్దక్షరాలే. ఉక్కు పంచీల్లో చిన్నక్షరాలు ఈ ఫ్యాక్టరీ ఎప్పుడూ కొనలేదు. గోడకు కొట్టిన పలక మీద మేకుకు ఒక పాత కాగితం వేలాడుతోంది. ప్లేటు మీద ఏం కొట్టాలో అచ్చం అలాగే పెద్దక్షరాల్లో టైపు చేసిన ప్లేటు కాగితం అది. మార్చి నెలది, 415 వోల్టులని ఉంది.

ప్రేమకుమారి ఆ కాగితాన్నీ, పెట్టెనూ మార్చి మార్చి చూసింది. అక్కడే స్టూలు మీద కూర్చుంది.

"ఇది చదువు మునియప్పా," అంది సర్క్యులర్ చూపిస్తూ. గొంతులో కోపం లేదు.

ఆయన సర్క్యులర్ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత వేలు పెట్టాడు. "ఇది 27. ఇది తేదీ. ఇది 415. ఇది 380. ఈ లైన్లకంతా మొదటి అక్షరం తెలుస్తాది. నడమ ఈ సున్నా, ఈ గుణకారం గుర్తు మాదిరిది, ఇవి రెండు మూడు తెలిసిన మొగాలు. మిగతాదంతా చీమలబారమ్మా."

"ఇంగ్లీషు చదువుతావు కదప్పా నువ్వు!"

"చదువుతాను, పెద్దవి. నాలుగో క్లాసు దాకా కన్నడ బడి నాది, ఏబీసీడీ ఎవరు చెప్పినారు? ఈ పెట్టే నాకు బడి. దీంట్లో ఏముండాదో అదే నేర్చుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు బోర్డు మింద కూడా ఇవే ఉండె, ఏం ఇబ్బందీ కాలేదు. జూలై నుంచి ఏమాయనో, ఒక్కసారిగా అన్నీ మారిపాయె."

ఏమాయనో ఆమెకు తెలుసు. ఏమైందో దాని కింద ఆమె నిండు పేరు ఉంది.

"మరి సంతకం ఎందుకు పెట్టినావు? ఎవరినన్నా అడగొచ్చు కదా!"

"ఎవరినడిగేదమ్మా? అందరూ నన్నడిగేవాళ్ళే." ఆయన పంచీలను ఒక్కొక్కటిగా తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు. "రెండు అంకెలు కనపడినాయి. 415 ముందు ఉండాది, గోడ మింద కాగితంలోనూ అదే ఉండాది. అదే అయ్యుంటాదిలే అని కొట్టినాను. తప్పే. దేవుడి మీద ఆన, పొగరుతో చేసింది కాదు."

"సార్‌కు ఈ మాట చెప్పు. నేను చెప్తాను."

అప్పుడు చిక్కమునియప్ప రెండు చేతులూ జోడించాడు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడు. "వద్దమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను. పని పోతే ఊర్లో ఎకరా రాగుల చేను ఉండాది, ముద్దో గంజో తాగి బతుకుతాను. మునియప్పకు చదవను రాదంట అని ఆ పిల్లోళ్ళు నవ్వితే నేను ఈ గేటు దాటి ఇంటికి పోలేను. ఎవరికీ చెప్పొద్దు."

బస్సులో ఆమెకు హోసూరు రోడ్డు కనిపించలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. ఒక మనిషి ప్రాణం పెట్టి రాసి తెచ్చిన కాగితం మీద తను ఎర్ర సున్నా చుట్టింది. చదివింది కూడా కాదు, అక్షరాల సైజు చూసింది అంతే. చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే అన్నం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో నలభై నాలుగేళ్ళకు ఆమెకు అర్థమైంది. ఆదివారం వంట మాడబెట్టింది. పార్వతమ్మ రెండుసార్లు అడిగి, జవాబు రాక, తనే మాడిన తపేలా తోముకుంది.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి, ప్రేమకుమారి పాత సర్క్యులర్ ఫైళ్ళన్నీ కిందికి దించింది. ఒక్కొక్కటే తిప్పింది. పదకొండు గంటలకు గిరిధర్ గదిలోకి వెళ్ళేటప్పుడు ఆమె చేతిలో ఒక ఫైలు, చంకలో ఒక చెక్కపెట్టె ఉన్నాయి.

గదిలో గిరిధర్, కుర్చీ అంచు మీద చిక్కమునియప్ప, ఆయన పక్కన యూనియన్ తరఫున స్టోర్సు శ్రీనివాసప్ప. ఎంక్వయిరీలో మాటలన్నీ రాసుకోవడం ప్రేమకుమారి పని.

"ఈ సంతకం మీదేనా?" అన్నాడు గిరిధర్.

"నాదే సార్."

"సర్క్యులర్ చదివారా, లేదా? అవునో కాదో చెప్పండి చాలు."

చిక్కమునియప్ప నేల చూశాడు. శ్రీనివాసప్ప మోచేత్తో పొడిచినా పలకలేదు.

"సంతకం పెట్టారు, చదవలేదని చెప్పరు. అంటే చదివి కూడా చేయలేదన్నమాట. రాసుకోండి ప్రేమకుమారి గారూ."

ఆమె రాసుకోలేదు. లేచి, చెక్కపెట్టె ఆయన ముందు పెట్టి మూత తీసింది.

"దీంట్లో ఒక్క చిన్నక్షరం ఉంటే చూపించండి సార్."

గిరిధర్ ఆశ్చర్యంగా ఒక పంచీ తీసి వెలుగులో తిప్పి చూశాడు. "ఏంటండీ ఇది? ఇప్పుడెందుకు?"

"ఇవి ప్లేట్లు కొట్టే పంచీలు. ఇరవై నాలుగేళ్ళుగా ప్లేటు మీద ఏం మారినా, సర్క్యులర్‌తో బాటు ప్లేటు కాగితం ఒకటి పోతా ఉండె. ఏం కొట్టల్లనో అచ్చం అట్లే, పెద్దక్షరాల్లో." ఆమె ఫైలు తెరిచింది. "ఇదో చూడండి, ఎనభై ఆరు. ఇది తొంభై ఒకటి. ఇది పోయిన మార్చి. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుంటాడు, చూస్తాడు, కొడతాడు. అది పద్ధతి. జూలై నుంచి ఆ కాగితం పోలేదు సార్. ఏ కాగితమూ మొత్తం పెద్దక్షరాల్లో ఉండకూడదని నాలుగో రూలు రాసింది నేను. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రం వేసినాను. క్యాంటీన్ నోటీసుకు పెట్టిన రూలే పంచీకి కూడా పెట్టినాను. ఆయన దగ్గర ఉన్న చివరి ప్లేటు కాగితంలో 415 ఉండాది. అదే కొట్టినాడు."

గిరిధర్ మార్చి నెల కాగితం తీసుకుని చదివాడు, తర్వాత ఇరవై ఏడో సర్క్యులర్ చదివాడు.

"అంతేనా మునియప్ప గారూ?"

చిక్కమునియప్ప తలెత్తి మొదట ప్రేమకుమారిని చూశాడు. "ప్లేటు కాగితం రాలేదు సార్," అన్నాడు మెల్లగా. అందులో అబద్ధం లేదు.

గిరిధర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ప్రేమకుమారి గారూ, మీరేం చెబుతున్నారో ఆలోచించుకోండి. ఓడ తప్పిపోయింది. ఫారిన్ పార్టీకి కారణం రాసి పంపాలి. తప్పు ఆయనది కాకపోతే మీదవుతుంది. ఏప్రిల్లో మీ పేరు నేను పైకి పంపలేను."

"తెలుసు సార్."

"రాసిస్తారా?"

"ఇస్తాను సార్."

గిరిధర్ ఫైలు మూసి పక్కన పెట్టాడు. ఆ రూల్స్ కోరింది తనేనని ఆయనకూ గుర్తొచ్చి ఉంటుంది, కానీ ఆ మాట పైకి అనలేదు. మేనేజర్లు ఆ మాట ఎప్పుడన్నారు గనుక! ఛార్జిషీటు ఎత్తేశాడు. చిక్కమునియప్పను ఒక మాట హెచ్చరించి, ఆరు వందల ప్లేట్లూ మళ్ళీ కొట్టమని పంపేశాడు. తర్వాత నోటీసు ఒకటి చెప్పి రాయించాడు. ఫారిన్ పార్టీకి పోయే కారణమే బోర్డు మీద కూడా పడాలన్నాడు. ప్రేమకుమారి తన మీద నోటీసును తనే టైపు చేసుకుంది. నాలుగో రూలు పోయింది కాబట్టి షిఫ్టు మీట బిగించి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా పెద్ద ఏబీసీడీల్లో కొట్టింది. మొదటి పేరాలో నాలుగో రూలు ఈ రోజు నుంచి రద్దు అని ఉంది. రెండోదాంట్లో ఇకపై నోటీసులు, ప్లేటు కాగితాలు పాత పద్ధతిలోనే వస్తాయని ఉంది. ఆఖరి లైనులో, ఆర్. ప్రేమకుమారి తెలివితక్కువగా తయారు చేసిన రూలు వల్లనే ఆరు వందల పంపులకు నష్టం జరిగింది అని ఉంది. తెలివితక్కువ అన్న మాట గిరిధర్ చెప్పింది కాదు, ఆమే వేసుకుంది. గిరిధర్ చదివి సంతకం పెట్టాడు.

టీ వేళకు ముందు తన చేత్తోనే బోర్డుకు గుచ్చింది. గుచ్చి వెంటనే వెళ్ళిపోదామనుకుంది. కానీ అప్పటికే టీ గంట మోగి జనం వచ్చేశారు. టైమ్ ఆఫీసు తలుపు పక్కన ఆగిపోయింది. దూరం నుంచే పెద్దక్షరాలు చూసి ఒకడు కేకేశాడు.

"రేయ్, పాతది మాదిరి వచ్చిందిరా! మునియప్పన్నను పిలవండి!"

మూడు నెలల తర్వాత బోర్డు ముందు మళ్ళీ గుంపు చేరింది. చిక్కమునియప్ప చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు, జనం దారి ఇచ్చారు. అక్షరం కింద వేలు పెట్టి చదివాడు, తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి. నాలుగో రూలు రద్దయింది. ఇకమీద అన్నీ ముందు మాదిరే. ఆయన గొంతు ఫ్యాక్టరీ చప్పుడు మీదుగా స్పష్టంగా వినిపిస్తోంది. ప్రేమకుమారి తలుపు పక్కనుంచి కదల్లేదు. ఇంక మిగిలింది తన లైనే. రేపటి నుంచి క్యాంటీన్‌లో, బస్సులో అందరి నోటా అదే ఉంటుంది. కరెక్షనమ్మకే కరెక్షను పడిందని నవ్వుకుంటారు, నవ్వుకోవాలి కూడా అనుకుంది.

చిక్కమునియప్ప వేలు ఆఖరి లైను మొదట్లో ఆగింది. మెల్లగా అక్షరం తర్వాత అక్షరం జరిగి, లైను చివరి దాకా వెళ్ళింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

"ఏమన్నా నిలబడిపోతివి?" అన్నాడు వైండింగు కుర్రాళ్ళలో ఒకడు. "ఇంకొక లైను ఉండాది కదా, చదువు."

చిక్కమునియప్ప వేలు తీసేశాడు. వెనక్కి తిరిగి, గుంపు మొత్తాన్ని చూశాడు.

"అది నాకు చదవను రాదప్పా," అన్నాడు.

"నీకు చదవను రానిది కూడా ఉండాదా అన్నా!" అని ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు అంటుకుని పది మంది నవ్వారు.

"ఉండాది," అని ఆయన బోర్డు వదిలి, ఆ నవ్వుల మధ్య నుంచే బెంచీ వైపు నడిచి పోయాడు.